మా అన్నయ్యకు నొప్పి తెలిసిన రోజులు

మా అన్నయ్యకు నొప్పి తెలియదని మా చుట్టాలందరూ అనేవాళ్ళు. అదేదో గొప్ప అన్నట్టు కొందరు, పాపం అన్నట్టు కొందరు. మా పెద్దమ్మయితే ఒకసారి భోజనాల దగ్గర అందరి ముందూ, "అదృష్టవంతుడే. మనకి మోకాళ్ళూ నడుములూ, వాడికేం" అంది. నాకు ముక్కు మీద కోపం. ఆవిడ ఆ తర్వాత మా గడప తొక్కలేదంటే ఆ రోజు నేనన్న మాటలే కారణం. వాటిని ఇక్కడ రాయడం బాగుండదు.

పెద్దమ్మని తిట్టాను గానీ, లోపల నేనూ అదే నమ్మాను. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇరవై రెండో ఏట జబ్బు మొదలైంది. స్కిజోఫ్రేనియా అన్నారు డాక్టర్లు. మొదట్లో గోడ అవతల ఎవరో తన గురించి చెడ్డగా మాట్లాడుకుంటున్నారని రెండు చెవులూ మూసుకుని కూర్చునేవాడు. మందులతో ఆ గొంతులు తగ్గాయి. అవి తగ్గాక చూస్తే, మనిషిలో ఇంకేదో కూడా లేదు. లేవాలని ఉండేది కాదు, తినాలని ఉండేది కాదు, తినకూడదనీ ఉండేది కాదు. ఏమడిగినా "ఏమో" అనేవాడు. అది జబ్బులో భాగమని డాక్టర్ చెప్పేదాకా, బద్ధకమనుకుని మా అమ్మా నేనూ కూడా తనని సతాయించాం.

అమ్మ పోయాక అన్నయ్య మా ఇంటికి వచ్చేశాడు. వచ్చిన మూడో వారం, స్టవ్ మీద తెర్లుతున్న టీ గిన్నెని గుడ్డ లేకుండా పట్టుకుని, తొణక్కుండా తెచ్చి నా ముందు పెట్టాడు. వాసన వచ్చి చెయ్యి తిప్పి చూస్తే అరచెయ్యి ఎర్రగా పొంగి ఉంది.

"అన్నయ్యా, కాలలేదా?"

తన చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. "కాలినట్టుంది చిట్టీ" అన్నాడు. మొహంలో చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ రోజు నుంచీ సాయంత్రం తనిఖీ మొదలుపెట్టాను. నాది పార్శిల్ కౌంటర్‌లో ఉద్యోగం. తాడు సరిగా కట్టారా, మూల ఎక్కడైనా చిరిగిందా, తూకం ఎంత అని రోజంతా చూడటమే పని. ఇంటికొచ్చి అన్నయ్యని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి అలాగే చూసేదాన్ని. అరచేతులు, అరికాళ్ళు, వేళ్ళ సందులు, మోచేతులు. తను బుద్ధిగా ఒక్కొక్కటీ చాపేవాడు. "మా బావగారికి ఒక స్టాంపు కూడా వేసెయ్, ఎక్కడికైనా చేరతారు" అనేవాడు మా ఆయన. ఆయన హాస్యానికి మా ఇంట్లో నవ్వేది అన్నయ్య ఒక్కడే, అదీ కాస్త ఆలస్యంగా.

మా ఆఫీసులో చిరిగిన రిజిస్టర్లను పక్కవీధి బైండింగు షాపులో ఇస్తారు. ఒకసారి వాటిని తీసుకురావడానికి వెళ్ళి, అక్కడ మేస్త్రిని అడిగాను, మా అన్నయ్యకి ఏదైనా పని ఇస్తారా అని. మేస్త్రి బక్కపలచటి మనిషి, కళ్ళజోడుకి ఒక కాడ ఊడిపోతే దారంతో చెవికి కట్టుకునేవాడు.

"ఏం చేస్తాడు?"

"ఏమీ చెయ్యడు" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక నాకు అప్పటికే పోయింది.

"అయితే మంచిదే. వచ్చీరాని పని నేర్చుకొచ్చేవాడికంటే నయం. రమ్మను" అన్నాడు.

షాపు ఒకే ఒక్క పొడుగాటి గది. ఒక గోడకి అట్టలు, ఒక గోడకి పుస్తకాల వీపున అంటించే కాలికో గుడ్డ చుట్టలు, మధ్యలో పెద్ద బల్ల, మూల మైదా జిగురు డబ్బా. కాగితాలు మడతపెట్టే ఆవిణ్ణి అందరూ మడతలక్క అనేవాళ్ళు. అన్నయ్యని ఆవిడ పక్కన కూర్చోబెట్టారు. పదహారు పేజీలు ఒక కట్టగా మడవాలి. దాన్ని వాళ్ళు ఫారం అంటారు. అన్నయ్య ఆరునెలలు మడతలే పెట్టాడు. తన పొడుగు చూసి మేస్త్రి "పొడుగూ" అని పేరు పెట్టాడు. పిలిస్తే పలికేవాడు, పిలవకపోతే అదీ లేదు.

ఒక రోజు సాయంత్రం, నేను కాళ్ళు చూస్తుండగా అన్నయ్య అన్నాడు, "చిట్టీ, నాకు కుట్టు నేర్చుకోవాలనుంది."

నేను చేస్తున్న పని ఆపేశాను. ఫలానాది కావాలని అన్నయ్య నోరు తెరిచి చెప్పి అప్పటికి పందొమ్మిదేళ్ళు. మేస్త్రి దబ్బనంతో ఫారాల వీపున చిల్లులు పొడిచి, మైనం పూసిన దారంతో ఒకదానికొకటి కలిపి కుట్టడం తను ఆరునెలల నుంచీ చూస్తున్నాడట. ఎవరూ గమనించలేదు. నాకే తెలియదు, ఇంక వాళ్ళకేం తెలుస్తుంది.

ఆ షాపులో ఒక కట్టుబాటుంది. సూది గుచ్చుకున్నవాడు వెంటనే చెయ్యి కాగితం మీంచి ఎత్తేసి, అందరికీ వినిపించేలా "చుక్క" అనాలి. ఆఫీసు రిజిస్టర్లలో పేజీ నంబర్లు ముందే అచ్చువేసి ఉంటాయి. ఒక పేజీ మీద నెత్తురు చుక్క పడితే ఆ పేజీ చింపి పారేయడానికి లేదు, ఫారం మొత్తం మళ్ళీ అచ్చుకి వెళ్ళాలి. అందుకని ఎవరైనా చుక్క అనగానే పక్కవాళ్ళు కాగితాలు లాగేసేవాళ్ళు. "గుచ్చుకోకుండా కుట్టేవాడు ఇంకా పుట్టలేదు. అందులో సిగ్గేం లేదు. చెప్పకపోవడమే తప్పు" అని మేస్త్రి కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాడు.

అన్నయ్యకి గుచ్చుకున్నట్టు తెలిస్తే కదా చెప్పడానికి. నేను అడిగితే మేస్త్రి తనకి సూది ఇచ్చాడు గానీ, మొదటిరోజే నాలుగు ఫారాలు పాడయ్యాయి. పేజీ తర్వాత పేజీ మీద ఎర్రటి మరకలు, తను మాత్రం తలవంచుకుని శ్రద్ధగా కుట్టుకుపోతున్నాడట. మేస్త్రి అన్నయ్య చేతిలోంచి సూది తీసేసుకుని, "ఒరేయ్ పొడుగూ, నువ్వు మడతల్లోనే ఉండరా" అన్నాడు.

ఆ రాత్రి అన్నయ్య అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ మేస్త్రిని నాలుగు కడిగేద్దామని నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. అన్నయ్య తలెత్తి, "ఆయన తప్పేం లేదు. నాకే తెలియాలి. తెలుసుకుంటాను" అన్నాడు.

తెలుసుకోవడమేమిటని నాకు నవ్వొచ్చింది. కానీ మర్నాటి నుంచీ పాత న్యూస్ పేపర్లు మడిచి, ఇంట్లో కుట్టడం మొదలుపెట్టాడు. దారం మీద కాదు, తన వేలి కొస మీదే చూపు. సూది అక్కడికి వచ్చినప్పుడల్లా ఆగి, ఏదో వింటున్నట్టు తల కాస్త వంచేవాడు. నేను పక్కన కూర్చుని కూరలు తరుగుతూ కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఇరవై రోజులు అయ్యాక మేస్త్రిని తనే అడిగాడు, ఇంకొక్కసారి చూడమని.

తర్వాతి సంగతి మడతలక్క చెప్పింది. కుట్టడం మొదలుపెట్టి గంట కూడా కాలేదు. అన్నయ్య చెయ్యి పైకెత్తి, బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా, "చుక్క" అన్నాడట. వేలి మీద సూది గుర్తు మాత్రమే ఉంది, నెత్తురు ఇంకా రాలేదు. మేస్త్రి లేచొచ్చి ఫారాన్ని వెలుతుర్లో పెట్టి అటూఇటూ తిప్పి చూశాడు. "తెల్లగా ఉందిరా" అన్నాడు. అని, అవసరం లేకపోయినా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మడతలక్క ఈ ముక్క చెప్పేటప్పుడు తనూ ముక్కు ఎగబీల్చింది.

ఆ వారంలోనే ఒక రోజు స్నానానికి నీళ్ళు తోడి పెట్టాను. అన్నయ్య చెంబు ముంచి, ఒంటి మీద పోసుకోబోయి, లోపలి నుంచి "చుక్క" అన్నాడు. నాకర్థం కాలేదు. ఏమిటని అడిగితే, "నీళ్ళు బాగా వేడిగా ఉన్నాయి చిట్టీ, చల్లనీళ్ళు కలుపు" అన్నాడు. నేను అక్కడే తడినేల మీద చతికిలబడి ఏడ్చేశాను. మా ఆయన కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందే?"

"అన్నయ్యకి కాలిందండీ" అన్నాను, ఏడుస్తూ, నవ్వుతూ. ఇంట్లో ఒకరికి కాదు ఇద్దరికి మందులు కావాలేమోనని ఆయనకి అనుమానం వచ్చి ఉంటుంది.

ఆ నెల డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ సంగతంతా చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టి విన్నది. "నొప్పి ఇన్నాళ్ళూ ఆయన ఒంట్లో లేకపోలేదమ్మా" అంది. "దాన్ని పట్టించుకోవడానికి మనిషికి ఏదో ఒక కారణం ఉండాలి. ఏదైనా కావాలనిపిస్తే, అది చెడిపోకూడదనిపిస్తే, అప్పుడు నొప్పి పనికొచ్చే కబురవుతుంది. ఏమీ అక్కర్లేనివాడికి కబురొచ్చినా తలుపు తియ్యడు. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పలేను. మీ అన్నయ్యకి అయింది. కాపాడుకోండి." నేను తలూపాను. ఆ మాటలన్నీ నాకు అర్థమయ్యాయనే అనుకున్నాను.

తర్వాత నాలుగేళ్ళు బాగా గడిచాయి. బాగా అంటే అన్నయ్యకి చెప్పులు కరిచాయి, పన్ను నొప్పెట్టింది, మెడ పట్టింది. పన్ను సంగతి మొదటిరోజే చెప్పాడు, ముదరకముందే తీయించాం. నా తనిఖీ రోజూ ఉండేది పోయి వారానికొకసారయింది, తర్వాత అదీ మానేశాను. తనే చెప్తున్నప్పుడు నేను వెతకడమెందుకు. కొత్త రిజిస్టర్లు మా ఆఫీసుకి వచ్చినప్పుడు వీపు వేపు తెరిచి, ఇది మా అన్నయ్య కుట్టు అని పక్క కౌంటరావిడకి చూపించేదాన్ని. కుట్టు చూసి మనిషిని గుర్తుపట్టొచ్చని అప్పుడే తెలిసింది నాకు. తనది కొంచెం దగ్గర దగ్గరగా, తొందర లేని కుట్టు.

ఐదో ఏడు మార్చిలో, ఆఫీసుల లెక్కల సంవత్సరం చివర్లో, షాపుకి పని ముంచుకొచ్చింది. అన్ని ఆఫీసులకీ కొత్త రిజిస్టర్లు ఒకేసారి కావాలి. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు. వేళ్ళ కొసలు పగిలాయి. రాగానే గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టి, "చుక్క, ఈ వేలు. చుక్క, ఇక్కడ కూడా. నడుము కూడా చుక్కే" అని చెప్పుకుపోయేవాడు. ఫిర్యాదులా ఉండేది కాదు. మా ఆఫీసులో సాయంత్రం ఎన్ని పార్శిళ్ళు వచ్చాయో చదువుతారే, అలా ఉండేది. కానీ అది వింటూ ఆ చేతులు చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. అన్నేళ్ళు అన్నయ్యకి నొప్పి తెలియాలని ఎదురుచూసిన దాన్ని, తెలిశాక నెలరోజులు చూడలేకపోయాను.

ఒకరోజు నీళ్ళలో చెయ్యి పెట్టగానే "అబ్బా" అన్నాడు. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతే. మర్నాడు నేను ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి, నేరుగా షాపుకి వెళ్ళాను.

"మీ రిజిస్టర్ల కోసం మా అన్నయ్యని పిండుతున్నారు. జబ్బు మనిషని కూడా చూడరా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా నోరు పెద్దది, ఆ గది చిన్నది.

మేస్త్రి చేతులకంటిన జిగురు తుడుచుకుని, నెమ్మదిగా చెప్పాడు. "తప్పు నాదే అమ్మా. పని ఎక్కువైపోయింది, చూసుకోలేదు. రేపట్నుంచి రోజుకి రెండు పుస్తకాలు కుట్టనీ, చాలు. మధ్యాహ్నమే పంపేస్తాను. కానీ మానిపించొద్దు. వాడికి ఇక్కడ ఏదో కావాల్సి ఉంది, అందుకే నొప్పి తెలుస్తోంది."

ఇది డాక్టరమ్మ చెప్పిన మాటే. ఆవిడ చెప్తే తలూపిన నేను, మేస్త్రి చెప్తే ఒప్పుకోలేదు. "నొప్పి మంచిదని మీరు నాకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేదాకా మా అన్నయ్యని లోపలికి రానిస్తే ఊరుకోను" అన్నాను. అన్నయ్య అప్పుడు దారం ఎక్కించిన సూది పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనే ఆ సూది తీసి బల్ల మీద పెట్టి, "పద అన్నయ్యా" అన్నాను. వచ్చాడు. రానంటే ఆగేదాన్నేమో. రమ్మంటే వచ్చేశాడు కాబట్టి తనకీ అదే కావాలనుకున్నాను.

మొదటి వారం రెండు మూడుసార్లు చుక్క అన్నాడు. తర్వాత అనలేదు. వేళ్ళ పగుళ్ళు మానాయి, చర్మం మెత్తబడింది. మళ్ళీ సాయంత్రం తనిఖీ మొదలుపెట్టి, ఆ చేతులు చూసి మురిసిపోయేదాన్ని. "చూశారా, ఎంత హాయిగా ఉన్నాడో" అన్నాను మా ఆయనతో.

"హాయిగా ఉన్నాడో, ఊరికే ఉన్నాడో" అన్నాడాయన.

"మీకు తెలిసినట్టే" అన్నాను. ఆయన పేపరు మడతపెట్టి అవతలకి వెళ్ళిపోయాడు. మా కాపురంలో చాలా మాటలు అలాగే ఆగిపోయాయి. డాక్టరమ్మ కూడా అడిగింది, పనికి వెళ్తున్నాడా అని. కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చామన్నాను. త్వరగా మళ్ళీ ఏదో ఒక పనిలో పెట్టమంది. ఎండలు తగ్గాక చూద్దామన్నాను. ఎండలు తగ్గాయి, వానలు వచ్చాయి, నేను చూడలేదు. "ఏమో" అన్న మాట మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. నేను దాన్ని కూడా విశ్రాంతి ఖాతాలోనే వేసుకున్నాను.

పని మానిపించిన ఎనిమిదో నెలలో ఒక సోమవారం అన్నయ్య సగం అన్నం వదిలేశాడు. మంగళవారం మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. "కడుపులో నొప్పిగా ఉందా?" అని అడిగాను. "ఏమో చిట్టీ" అన్నాడు. చేతులు చూశాను, కాళ్ళు చూశాను, వేళ్ళ సందులు చూశాను. ఎక్కడా ఏమీ లేదు. కౌంటర్‌లో పార్శిల్ పైపైన చూసి లోపల సరుకు బాగుందని చీటీ రాసేదాన్ని కదా, ఇక్కడా అదే చేశాను. బుధవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది, మొహం పాలిపోయి ఉంది.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేసిన డాక్టర్ బయటికి వచ్చి చెప్పాడు, అపెండిక్స్ పగిలి రెండు రోజులు దాటిందని, చీము కడుపంతా పాకిందని. "మామూలుగా ఈ నొప్పికి మనిషి నేల మీద పడి దొర్లుతాడు. ఈయన నొప్పని మొదట ఎప్పుడు చెప్పారు?" అని అడిగాడు.

"చెప్పలేదు" అన్నాను.

"అసలు చెప్పలేదా?"

ఆయన తప్పేమీ లేదు, రాసుకోవడానికి అడిగాడు. నాకు మాత్రం అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. తర్వాత నాలుగు రోజులు వార్డు బయట బెంచీ మీద ఉన్నాను. లోపలికి పంపినప్పుడల్లా మంచం పక్కన వంగి, "నొప్పిగా ఉందా అన్నయ్యా? ఉంటే చెప్పు. ఎక్కడుందో చెప్పు" అని బతిమాలాను. కళ్ళు తెరిచినప్పుడు నా వంక చూసేవాడు. నేను ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పి నన్ను ఊరుకోబెట్టాలని ప్రయత్నించేవాడు గానీ, నొప్పెక్కడంటే మాత్రం "ఏమో చిట్టీ" అనేవాడు. ఐదోరోజు మధ్యాహ్నం పోయాడు. నలభై ఆరేళ్ళు.

చుట్టాలు వచ్చారు. పెద్దమ్మ కూడా వచ్చింది, అన్నేళ్ళ తర్వాత. "పోనీలేవే, నొప్పి తెలియకుండా పోయాడు" అంది నా తల నిమురుతూ. ఈసారి నాకు కోపం రాలేదు. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

అందరూ వెళ్ళిపోయాక, ఒక ఆదివారం మేస్త్రి వచ్చాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. కళ్ళజోడు దారం విప్పి మళ్ళీ చెవికి కట్టుకున్నాడు.

"నాలుగుసార్లు వచ్చాడమ్మా" అన్నాడు చివరికి.

"ఎవరు?"

"పొడుగు. సాయంత్రం పూట, షాపు మూసే వేళకి. గడప దాటేవాడు కాదు. నువ్వలా చెప్పి వెళ్ళావు కదా, నేనూ లోపలికి రమ్మనలేకపోయాను. చెల్లి ఒప్పుకుందా అంటే, అడగలేదు అనేవాడు. అడిగి రారా, నువ్వు ఎప్పుడొచ్చినా పని ఉంటుంది అని పంపేసేవాణ్ణి. నాలుగోసారి గట్టిగా అడిగాను, ఎందుకు అడగవురా అని." మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. "'నా చేతులు చూసి చిట్టి ఏడుస్తుంది మేస్త్రీ, దానికి నొప్పి కదా' అన్నాడు. ఆ తర్వాత మరి రాలేదు."

నేను ఆఫీసు నుంచి వచ్చి వంటకి కూర్చున్నాక, అన్నయ్య అప్పుడప్పుడూ చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళొచ్చేవాడు. కాసేపు నడిచి వస్తున్నాడని, మంచిదేనని అనుకునేదాన్ని. తిరిగి వచ్చినప్పుడు తలుపు తీసింది నేనే. ఒకసారి వానలో పూర్తిగా తడిసి వచ్చాడు. తువ్వాలు చేతికిచ్చి, ఈ వానలో ఎక్కడికి వెళ్ళావని కేకలేశాను.

"ఊరికే" అన్నాడు. తల తుడుచుకో, జలుబు చేస్తుంది అన్నాను. తుడుచుకున్నాడు.